వాట్లు అడగొద్దు, ఆంపియర్లు అడగండి

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్ మూడో ఏడు. సెలవుల్లో కంప్యూటర్ తనే బిగించుకుంటానని పట్టుబట్టింది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, మిగతావన్నీ కొనేశాం. కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె ఉంటుంది కదా, ఆ ఎస్‌ఎంపీఎస్ దగ్గరే పేచీ. కొట్టాయన క్యాబినెట్‌తో పాటు 500 వాట్లది 900 రూపాయలకిస్తానంటున్నాడు. అమ్మాయేమో నాలుగు వేలు పెట్టి 550 వాట్లది కొనాలంటోంది. మా తమ్ముడు, కొంటే 750 గోల్డే కొనమంటాడు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, రోజుకి రెండుసార్లయినా కరెంటు పోతుంది. యాభై వాట్ల తేడాకి మూడు వేలు పొయ్యాలా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: అమ్మాయి మాట వినండి. అక్కడున్న తేడా యాభై వాట్లు కాదు.

కొట్టాయన్నడిగి ఆ తొమ్మిదొందల పెట్టె చేతికి తీసుకోండి. పక్కన అతికించిన పట్టీలో +12 వోల్టులు అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేదంతా దాదాపు ఆ 12 వోల్టుల్లోంచే. ఆ అంకెని 12తో గుణించండి, సరుకెంతో తేలిపోతుంది. నా చేతిమీదుగా పోయిన ఇలాంటి '500'ల్లో 18 ఆంపియర్లు దాటినవి తక్కువ. అంటే 216 వాట్లు. మిగతాదంతా 5, 3.3 వోల్టుల గడులు కూడేసి చూపించే లెక్క. ఇప్పటి కంప్యూటర్‌కి వాటితో పెద్దగా పనిలేదు. మంచి 550లో ఆ 12 వోల్టుల గడిలోనే 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు.

మీకు కావలసింది ఎంత? కార్డుకి 170. ప్రాసెసర్ మీద 65 అని రాసి ఉన్నా గట్టి పనిలో ఇంకొంచెం లాగుతుంది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ యాభై. మూడొందలు అనుకోండి. అయితే గ్రాఫిక్స్ కార్డు నిలకడగా తాగే రకం కాదు. రెప్పపాటులో తన అంకెకి బాగా పైకెగిరి మళ్ళీ దిగుతుంది. ఈ కార్డు చిప్పు చేసే ఎన్విడియా 550 వాట్లది పెట్టుకోమని చెప్పిందీ ఇలాంటి గుంజాటలకి చోటు ఉంచడానికేననుకుంటాను.

నేను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పదిహేడేళ్ళు సర్వీసు బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి రెండేళ్ళూ ఆ తొమ్మిదొందల రకం సరుకు నేనూ అమ్మాను. ఒకరోజు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ ఒకాయన కంప్యూటర్ ఎత్తుకొచ్చాడు. ఠప్ మని చప్పుడొచ్చి ఆగిపోయిందట. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయి ఉంటే కొత్తది బిగించి పంపేవాణ్ణి. అది పోతూ పోతూ హార్డ్‌డిస్కునీ తీసుకుపోయింది. అందులో రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఆ పెట్టె నేనిచ్చిందే. ఆ రాత్రి దాన్ని విప్పాను. (మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లో మూడొందల వోల్టుల పైన నిలవుండొచ్చు.) పలక మీద విడిభాగాల పేర్లు అచ్చేసి ఉన్నాయి, భాగాల్లేవు. కాయిల్ ఉండాల్సిన చోట రెండు తీగముక్కలు అతికారు. ఓ మూల ఇనప ముక్క, ఉత్త బరువు కోసం. అప్పట్లో "బరువుంటే మంచిది" అని కస్టమర్లకి చెప్పేది మేమే. తయారుచేసేవాళ్ళ చెవినా పడ్డట్టుంది.

ఇక మీ తమ్ముడి మాట. 750 పెడితే కరెంటు ఎక్కువేం కాలదు, కంప్యూటర్ అడిగినంతే ఇస్తుంది. రేపు ఇంకా పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650 దాకా వెళ్ళండి, లేకుంటే అక్కర్లేదు. గోల్డ్, బ్రాంజ్ అన్న 80 ప్లస్ ముద్రలు గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడికి పోకుండా పనికొస్తుందో చెప్తాయి, అంతే. అమెరికాలో 115 వోల్టుల మీద సగం లోడులో బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం ఉండాలి. మీ మూడొందల వాట్లకి లెక్కేస్తే తేడా ఇరవై వాట్లు. అమ్మాయి రోజూ అయిదు గంటలు గట్టి పని చేసినా నెలకి మూడు యూనిట్లు. గోల్డ్ కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట ఆ ముద్రలో ఎక్కడా లేదు. మన్నికకి నేను చూసేది వారంటీ: అయిదేళ్ళకి తక్కువిచ్చే కంపెనీకి తన సరుకు మీద తనకే నమ్మకం లేదనుకుంటాను. పెద్ద బ్రాండు కూడా ఒక్కో మోడల్ ఒక్కో ఫ్యాక్టరీలో చేయిస్తుంది, కాబట్టి బ్రాండు పేరుతో సరిపెట్టుకోవద్దు. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ అనే సంస్థ ఒక్కో మోడల్‌నీ విడిగా పరీక్షించి రిపోర్టులు పెడుతుంది. కొనబోయే మోడల్ అక్కడుందేమో అమ్మాయిని చూడమనండి. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి.

కరెంటు పోవడం గురించి. మంచి ఎస్‌ఎంపీఎస్ నిండు లోడులోనూ ఓ 16 మిల్లీసెకన్లు కరెంటు లేకుండా నెట్టుకొస్తుంది. ఆ లోపల ఇన్వర్టర్ అందుకోవాలి. మీ ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ మీట ఉంటే అటు వెయ్యండి. మామూలు మోడ్‌లో అది తీరిగ్గా మారుతుంది, ఫ్యాన్లకి ఫర్వాలేదు గాని కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. కరెంటుని నున్నటి అలలా కాక మెట్లలా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టరయితే ముందు దాన్ని మార్చండి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకే దానితో పడదు.

బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఊడదీసే కేబుళ్ళున్న మోడల్ కొంటే, దానితో వచ్చినవే వాడాలి. వేరే మోడల్‌వి చక్కగా దూరతాయి, కాని ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస అందరికీ ఒకటి కాదు. నేనలాగే పాత తీగ పెట్టి కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి కాల్చుకున్నాను. అదీ నా సొంతది.

ప్రశ్న: పాత చవక ఎస్‌ఎంపీఎస్ తీసేసి మంచిది వేయించాను. అప్పట్నుంచి క్యాబినెట్‌కి చెయ్యి తగిలితే జివ్వుమంటోంది. పాతదానితో ఎప్పుడూ లేదు. మోసపోయానా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: లేదమ్మా, కొత్తది మంచిదని అనుకోవడానికే అది ఆధారం. కరెంటులోని రొదని ఎర్తులోకి పంపడానికి లోపల చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్తు లేకపోతే అవి క్యాబినెట్‌ని 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. పారే కరెంటు చాలా స్వల్పం గనక జివ్వుమని ఊరుకుంటుంది. పాతదాంట్లో బహుశా ఆ కెపాసిటర్లు పెట్టనే లేదు. గోడకి మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా, పై రంధ్రం వెనక తీగ లేని ఇళ్ళు బోలెడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య మల్టీమీటరు పెట్టమనండి. 230 దరిదాపుల్లో రాకపోతే ఎర్తు లేనట్టే, వెయ్యించండి. రెండు పిన్నుల కన్వర్టర్ ఏదైనా మధ్యలో ఉంటే ఈ రోజే తీసేయండి.