రెండు పప్పీల్ని ఒకేసారి తెచ్చుకున్న చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో ఇప్పటికి నాలుగైదు సార్లు చూశానే. ఒకదాని మెడ మీద ఇంకోటి తలపెట్టుకుని పడుకున్నాయి, అందులో తెల్లచార ఉన్నది నిద్రలోనే నోరు చప్పరిస్తోంది, ఇంకా తల్లిపాలు తాగుతున్నట్టు కలొస్తోందేమో. చూస్తుంటే కడుపు నిండిపోయింది. కింద ఒక మాట రాశావు చూడు, "ఒక్కదాన్నే తెద్దామని వెళ్ళా పెద్దమ్మా, రెండోది ఒంటరిదైపోతుందనిపించి దాన్నీ తెచ్చేశా, ఒకదానికొకటి తోడుంటాయి కదా" అని, ఆ తోడు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యకుండా కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను మొదటిసారి తెచ్చుకున్నదీ ఇలాగే రెండింటిని, ఒకే ఈతలో పుట్టిన అక్కాచెల్లెళ్ళు. నువ్వు అప్పటికి ఇంకా పుట్టలేదు. తోడుంటాయిలే అని నేనూ అనుకున్నా. ఒకే పరుపు, ఒకే గిన్నె, వాకింగ్‌కి రెండూ కలిసే, పిలిస్తే రెండు పేర్లూ కలిపేసి ఒకే పేరులా పిలిచేదాన్ని. ఏడాది పాటు ఏ గొడవా లేదు, వాటి ఆటలేవో అవి ఆడుకునేవి, మాకూ హాయిగా ఉండేది. తర్వాత ఒకరోజు పెద్దది మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది, ఆపరేషన్ చేసి రెండు రాత్రులు అక్కడే ఉంచాలన్నారు. ఇంట్లో మిగిలిన చిన్నదాని అవస్థ ఆ రాత్రి చూడలేకపోయా. తలుపు కింద సందులో ముక్కు దూర్చి ఒకటే ఏడుపు, గోళ్ళతో గీకి గీకి ముందుకాళ్ళు రక్తం కారుతున్నాయి, నీళ్ళు కూడా ముట్టలేదు. నేను తెల్లవార్లూ దాని పక్కనే నేల మీద కూర్చుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నా, ఒక్కసారైనా నా వైపు చెవి తిప్పలేదు. ఏడాదిగా రోజూ తిండి పెట్టిన మనిషిని, దానికి నేనెవరో తెలీనట్టే ఉంది. దాని లోకంలో ఉన్నది దాని అక్క ఒక్కతే, అలా పెంచింది నేనే.

దీన్ని కుక్కల ట్రైనర్లు లిటర్‌మేట్ సిండ్రోమ్ అంటారు. పేరు విని కంగారుపడకు, ఇదేమీ జబ్బు కాదు, టెస్టు చేసి తేల్చేదీ కాదు. ఒకే వయసు పిల్లలు రెండు ఎప్పుడూ అతుక్కుని పెరిగితే అవి ఒకదాన్నొకటే చూసుకుంటాయి, మనిషి మాట వాటికి రెండో మాట అయిపోతుంది, విడదీస్తే బెంబేలెత్తిపోతాయి. ప్రతి జంటకీ ఇలా అవ్వాలనేం లేదు, ఆ తర్వాత నేను ఇంకో జంటని పెంచా, అవి బ్రహ్మాండంగా పెరిగాయి. కాబట్టి రెండోదాన్ని తిరిగిచ్చెయ్యమని చెప్పట్లేదు. ఇంట్లో అదొక్కటే ఉంటే ఎలా పెంచుతావో రెండింటినీ విడివిడిగా అలా పెంచు, పని కచ్చితంగా రెట్టింపు అవుతుంది, అది ముందే ఒప్పుకో.

మొదట పడక సంగతి. రెండు క్రేట్లు, అంటే కుక్కపిల్ల పడుకునే బోన్లు, తీసుకో, ఒకటి సరిపోతుందిలే అనుకోవద్దు. మొదటి వారం రెండూ పక్కపక్కనే, నీ మంచానికి దగ్గర్లో పెట్టు, తల్లిని వదిలొచ్చిన పసిపిల్లలు కదా, రాత్రి ఏడుస్తాయి, చెయ్యి కిందకి వేలాడేసి వాసన చూడనిస్తే చాలాసార్లు ఊరుకుంటాయి. తర్వాత రోజుకి కొంచెం కొంచెంగా క్రేట్ల మధ్య దూరం పెంచుతూ పో, నెలా నెలన్నరకి ఒకటి ఈ గోడ దగ్గర ఒకటి ఆ గోడ దగ్గర పడుకోగలగాలి. పేర్లు కూడా వినడానికి బాగా వేరుగా ఉండాలి, ప్రాస బాగుంది కదాని ఒకేలాంటివి పెడితే నువ్వు దేన్ని పిలిచావో పాపం వాటికి తెలీదు.

రోజూ ఒక్కోదానితో ఒంటరిగా గడిపే టైం ఉండాలి, ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకో. కూర్చోవడం, పిలిస్తే రావడం, లీష్, అదే మెడకి కట్టే తాడు, లాగకుండా నడవడం, ఏది నేర్పినా ఒకసారి ఒకదానికే, మూడు నాలుగు నిమిషాలు చాలు, రోజుకి నాలుగైదు సార్లు. రెండింటినీ ముందు కూర్చోబెట్టుకుని నేర్పితే ఒకటి నేర్చుకుంటుంది, రెండోది మొదటిదాన్ని చూసి కూర్చుంటుంది, నీకేమో రెండింటికీ వచ్చేసిందనిపిస్తుంది. అల్లుడుగారు ఉన్నారు కదా, వాకింగ్‌కి ఆయన ఒకదాన్ని నువ్వు ఒకదాన్ని వేరే వేరే దార్లలో తీసుకెళ్ళండి, మర్నాడు మార్చుకోండి, లేదంటే ఇది నా కుక్క అది నీ కుక్క అయిపోతుంది.

అది సరే, ఒకదానితో నువ్వుంటే రెండోది ఏం చెయ్యాలి? అదీ పాఠమే, ఒంటరిగా ఉండటం నేర్చుకోవడం. మా రెండో జంటలో ఒకటి దీనికి అస్సలు ఒప్పుకునేది కాదు. దాన్ని పక్క గదిలో పెట్టి నమిలే బొమ్మొకటి ఇచ్చి తలుపేస్తే మొదటిరోజు బొమ్మ వైపు చూడను కూడా లేదు. సరే అని 30 సెకన్లతో మొదలుపెట్టా, తలుపు వెయ్యడం, ఏడుపు మొదలవ్వకముందే తియ్యడం, అంతే. తర్వాత నిమిషం, తర్వాత రెండు. ఓ రెండు వారాలకి తలుపు అవతల్నించి బొమ్మని నేలకేసి కొడుతున్న టకటక చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు విని నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. ఏడుపు తారస్థాయికి వెళ్ళేదాకా వదిలెయ్యకు, అలా చేస్తే ఒంటరితనమంటేనే భయమని నేర్పినట్టవుతుంది.

టాయిలెట్ ట్రైనింగ్ రెండింటితో కొంచెం కష్టమే. ఒకటి వాసన చూసుకుంటూ కూర్చోబోతుంది, రెండోది దాని మీదకి దూకుతుంది, వచ్చిన పని మర్చిపోయి ఇద్దరూ ఆటలో పడతారు, లోపలికి రాగానే కార్పెట్ మీద పోసేస్తారు. అందుకే ఒక్కోదాన్నే తీసుకెళ్ళు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక, పడుకోబోయే ముందు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, నిజానికి ఆడుతున్నప్పుడు అరగంటకే వస్తుంది. బయట పని కాగానే అక్కడికక్కడే ట్రీట్ ఇవ్వు, లోపలికొచ్చాక ఇస్తే దేనికిచ్చావో దానికి తెలీదు. ఇంట్లో చేసేస్తే తిట్టకు, ముక్కు పట్టుకుని అందులో పెట్టడం లాంటివి ఎవరైనా చెప్తే అస్సలు వినకు, అది నేర్చుకునేది నీకు కనపడకుండా సోఫా వెనక చెయ్యాలని మాత్రమే. ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో తుడువు, అమ్మోనియా ఉన్నది వాడితే వాసన మూత్రం లాగే ఉండి మళ్ళీ అక్కడికే వస్తాయి. విడిగా తీసుకెళ్ళడంలో ఇంకో లాభం ఉంది, ఏది విరేచనాలు పెట్టుకుందో ఏది బానే ఉందో నీకు తెలుస్తుంది. రెండు రంగుల కాలర్లు వేసి ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఎంత తిన్నారు, ఎలా వెళ్ళారు రాసుకో, వెట్, అదే పశువుల డాక్టర్, అడిగే మొదటి ప్రశ్నలు అవే.

తిండి కూడా వేరు వేరు గిన్నెల్లో, గదిలో చెరో మూల. నాలుగు నెలలొచ్చేదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. పావుగంట ఉంచి మిగిలింది తీసెయ్యి, గబగబా తినేది రెండోదాని గిన్నెలోకీ వెళ్ళిపోతుంది, రెండోదేమో మొహమాటంగా పక్కకి జరుగుతుంది, నువ్వు చూసుకోకపోతే నెల తిరిగేసరికి ఒకటి బూరెలా ఒకటి పుల్లలా ఉంటాయి. వారానికోసారి తూకం వెయ్యి. ఇప్పటిదాకా తింటున్న ఫుడ్డునే మొదట కొనసాగించు, మార్చాలంటే వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చు. బాగా పెద్దగా పెరిగే జాతులైతే పెద్ద జాతి పిల్లల కోసం చేసిన ఫుడ్డే పెట్టు, ఎముకలు గట్టిపడతాయని క్యాల్షియం విడిగా పోస్తే ఎముకలే పాడవుతాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ములో ఉండే జైలిటాల్, ఇవన్నీ కుక్కలకి విషం. ఉడికించిన ఎముకలు పుల్లల్లా చీలి గొంతులో పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పొరపాటున కూడా వెయ్యకు.

ఇక టీకాలు, ఇక్కడ బద్ధకం పనికిరాదు తల్లీ. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేయిస్తూనే ఉండాలి, మళ్ళీ ఏడాదికి బూస్టర్. ఇన్నిసార్లు ఎందుకంటే ముర్రుపాలతో తల్లి ఇచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అది ఏ పిల్లకి ఏ వారం తగ్గుతుందో బయటికి తెలీదు, అందుకని తగ్గిన టైంకి టీకా అందేలా వరసగా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలప్పుడు వేస్తారు, డేట్ వెట్‌ని అడిగి రాసుకో. డీవార్మింగ్ కూడా మర్చిపోకు, నులిపురుగులు కొన్ని తల్లి కడుపులోనే పిల్లలకి వచ్చేస్తాయి. పార్వో అని ఒక వైరస్ ఉంది, అది మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకి అంటుకునీ ఇంట్లోకి రాగలదు. పిల్ల తిండి మానేసి, డల్‌గా పడుకుని, వాంతులు, రక్తం విరేచనాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు తీసుకెళ్ళు, రెండోదాన్ని కూడా చూపించు, ఒకదానికి వస్తే రెండోదానికీ తగిలే ఉంటుంది. ఇంకోటి, వాటి పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, నీ చేతులు గీరుకుపోతాయి, చర్మం చీరుకుంటే చిన్నదేలే అనుకోకుండా సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించు.

టీకాలన్నీ పూర్తయ్యాకే బయటికి తీసుకెళ్దామని ఇంట్లోనే బంధించి పెట్టెయ్యకు మాత్రం. మూడు వారాల నుంచి దాదాపు 14 వారాల దాకా కుక్కపిల్ల మెదడు ఏది చూసినా ఇది మామూలే అని రాసుకుంటుంది, ఆ వయసు మళ్ళీ రాదు. కిందకి దించకుండా చంకనేసుకుని తిప్పు, గొడుగు, సైకిల్, టోపీ పెట్టుకున్న మనిషి, పిల్లల అరుపులు, మిక్సీ చప్పుడు, అన్నీ దూరం నుంచి చూపించు, భయపడితే ఇంకా దూరం జరుగు. ఇక్కడ కూడా ఒకసారి ఒకదాన్నే. కలిసి వెళ్తే పిరికిది ధైర్యంగలదాని వెనక దాక్కుని గడిపేస్తుంది, దానికి భయముందన్న సంగతి నీకు ఏడాది తర్వాత గానీ తెలీదు.

వాటి ఆటల గురించి నువ్వు భయపడుతున్నావు కదా, గుర్రుమంటున్నాయి, చెవులు పట్టి లాగుతున్నాయి అని. ఆటైతే ఒళ్ళు వదులుగా ఉంటుంది, ముందుకాళ్ళు వంచి వెనక భాగం పైకెత్తి రమ్మని పిలుస్తుంది, ఓసారి ఇది కిందుంటే ఓసారి అది కిందుంటుంది. అనుమానమొస్తే పైనున్నదాన్ని మెల్లగా పక్కకి పట్టుకో, కిందున్నది మళ్ళీ దాని మీదకే ఉరికితే ఆటే, అవకాశం దొరికింది కదాని వెళ్ళిపోతే ఆపేసి విశ్రాంతివ్వు. ఒళ్ళు కర్రలా బిగుసుకుని చప్పుడు లేకుండా ఒకదాన్నొకటి గుడ్లప్పగించి చూస్తుంటే మాత్రం వెంటనే విడదియ్యి. పెద్దయ్యాక నిజంగా కొట్టుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకు, కుర్చీయో అట్టముక్కో అడ్డం పెట్టు. రెండూ ఆడవే అన్నావు కాబట్టి ఈ మాట చెప్తున్నా, అక్కాచెల్లెళ్ళ మధ్య ఒకటి నుంచి మూడేళ్ళ వయసులో ఇలాంటివి మొదలవ్వచ్చు, హీట్‌లో, అంటే ఎదకొచ్చి ఉన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. పిల్లలు పుట్టకుండా చేసే స్పే ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో జాతిని బట్టి మారుతుంది, ఇప్పుడే వెట్‌తో మాట్లాడి పెట్టుకో.

సాయంత్రం అయ్యేసరికి రెండూ పిచ్చెక్కినట్టు పరిగెత్తుతూ కరుస్తున్నాయన్నావు, చాలాసార్లు అది నిద్ర చాలకే. ఈ వయసు పిల్లలకి రోజుకి 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి, రెండుంటే ఒకదాన్నొకటి లేపుకుంటూ ఉంటాయి. తీసుకెళ్ళి ఎవరి క్రేట్‌లో వాళ్ళని పడుకోబెట్టు.

మా చిన్నదాని సంగతి మిగిలింది కదూ. అక్క కాలు బాగయ్యాక రెండింటికీ మొదట్నించి మొదలుపెట్టా, దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఒక సాయంత్రం మీ పెదనాన్న పెద్దదాన్ని వాకింగ్‌కి తీసుకెళ్తే చిన్నది తలుపు దాకా వెళ్ళింది, ఓ నిమిషం నిలబడింది, తర్వాత తిరిగొచ్చి నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. పన్నెండేళ్ళకి పెద్దది పోయింది. ఆ రోజు చిన్నది ఇల్లంతా వెతికింది, కానీ రాత్రికి నా చేతిలోంచి నాలుగు ముద్దలు తింది, ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు మాతో ఉంది.

వచ్చే ఆదివారం వస్తున్నా. ఆ లోపు రెండో క్రేట్, రెండు రంగుల కాలర్లు తెప్పించు, వెట్ అపాయింట్‌మెంట్ తీసుకో, టీకా కార్డులు రెండూ ఫోటో తీసి పంపు. రేపు పొద్దున్న తెల్లచారదాన్ని ఒక్కదాన్నే ఎత్తుకుని పది నిమిషాలు బయట కూర్చో, సాయంత్రం రెండోదాన్ని. ఏది ఎక్కువ ఏడ్చిందో రాత్రికి నాకు చెప్పు.

పెద్దమ్మ