ట్రాన్స్‌ఫార్మర్ చేతికిచ్చినప్పుడే అడగాల్సింది

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తికి కానుకగా మేడ మీద గదిలో హోమ్ థియేటర్ కట్టించాను. హైదరాబాద్‌లో ఒక ఆడియో షాపు ఓనరు 'ఆల్ రీజియన్, ఇండియా వారంటీ 2 ఇయర్స్' అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, 2023 అక్టోబరు 20న 4కే బ్లూరే ప్లేయర్ 1,85,000 రూపాయలకు అమ్మాడు. 50,000 యూపీఐలో పంపాను. మిగతాది క్యాష్ ఇస్తే జీఎస్టీ మిగులుతుందంటే ఇచ్చేశాను, బిల్లు తీసుకోలేదు. ప్లేయర్‌తో పాటు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఫ్రీగా ఇచ్చాడు. డాలస్ నుంచి మా బావగారు తెచ్చిన డిస్కులు ఆడాయి. నాన్నగారు ఇక్కడే కొని దాచుకున్న ఇంగ్లీషు సినిమాల డీవీడీలు మాత్రం ఆడలేదు. 'అప్‌డేట్ వస్తుంది సార్' అంటూ షాపతను నెట్టుకొచ్చాడు. మొన్న మార్చిలో 4కే డిస్కులు కూడా చదవడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబరు చూసి, ఇది ఇండియా మాల్ కాదు, మేం ముట్టుకోం అన్నారు. నాన్నగారు ఆ గదిలోకి వెళ్లడమే మానేశారు. మానసిక వేదనకు 25 లక్షలు అడగవచ్చా? తెలిసిన షాపువాళ్లు పాత తేదీ వేసి బిల్లు ఇస్తామంటున్నారు, తీసుకోనా? ఈసారి ఎలాంటి ప్లేయర్ కొనాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు (2025 ఆగస్టు)

జవాబు: మీరు రాసిన పూర్తి ఉత్తరంలో నాన్నగారి గురించి ముప్పావు పేజీ, ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక్క వాక్యం ఉన్నాయి. కేసు తేలేది ఆ వాక్యం దగ్గరే.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. అమెరికాలో 120. ఇండియాలో అమ్మడానికి తెచ్చిన ప్లేయర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు? అది చేతికిచ్చిన రోజే ఆ వస్తువు ఎక్కడిదో షాపతనికి తెలుసు. డిస్కులు ఏ దేశంలో కొన్నవి ఆ దేశపు ప్లేయర్లలోనే ఆడేలా వేసిన తాళం లాంటిది రీజియన్. డీవీడీకి అమెరికా రీజియన్ 1, మనది 5. బ్లూరేకి వాళ్లది ఎ, మనది సి. 4కే డిస్కులకు రీజియన్ అడ్డు లేదు కాబట్టి మొదట్లో అవి ఆడాయి. అంటే డీవీడీలు ఆడకపోవడం మిషన్ లోపం కాదు, దాన్ని తయారు చేసిందే అలా.

అందుకని 'లోపమున్న వస్తువు అమ్మాడు' అన్న మాట మీద ఫిర్యాదు నిలబెట్టకండి. ఆ దారిన వెళ్తే డిస్కు మీద దుమ్ము అంటాడు, వోల్టేజీ అంటాడు, మీవాళ్లే పాడుచేశారంటాడు. ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపాల్సి వస్తే ఆ ఖర్చు ముందుగా కట్టాల్సింది మీరే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) పట్టుకోండి. లేని వారంటీ ఉందని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మిన రోజున ఆ మాట నిజమా, అబద్ధమా అన్నదొక్కటే అప్పుడు ప్రశ్న. మిషన్ ఇవాళ తిరుగుతోందా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

ఇక గడువు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. షాపతను 'చూస్తాం సార్' అన్న ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవదు. మీరు లాయరు నోటీసు పంపినా ఆగదు. మార్చిలో చెడిపోయింది కాబట్టి మార్చి నుంచి లెక్క అని వాదించవచ్చు గానీ, చేతిలో సమయం ఉంచుకుని ఆ వాదన మీద ఆధారపడటం తెలివి కాదు. కొన్న తేదీ నుంచే లెక్కేసుకోండి. ఈ అక్టోబరు 20 దీపావళి, ఆఫీసులు ఉండవు. సెప్టెంబరు దాటకుండా వేసేయండి.

బిల్లు సంగతికి వద్దాం. 1,85,000 పెట్టి, జీఎస్టీ మిగులుతుందని కాగితం ముక్క లేకుండా ఇంటికొచ్చారు. మిగిలింది ఏమిటో ఇప్పుడు లెక్క చూసుకోండి. అయినా బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే 2(47) కింద అతని తప్పే. మీకు కావలసింది అతనే అమ్మాడన్న రుజువు. దానికి యూపీఐ చెల్లింపు ఉంది, మెసేజ్ ఉంది.

ఇంత ఉండగా పాత తేదీ బిల్లా? ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి. జీఎస్టీ బిల్లులకు వరస నంబర్లుంటాయి, అవి రిటర్నుల్లోకి ఎక్కుతాయి. రెండేళ్ల కిందటి వరసలో ఇప్పుడు ఒకటి దూర్చితే అవతలి లాయరు పట్టుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. పైగా అది వేరే షాపు బిల్లు. అసలు అమ్మినవాణ్ణి మీ చేత్తో మీరే వదిలేసినట్టు. ప్రమాణ పత్రంతో పాటు దాన్ని దాఖలు చేస్తే దొంగ పత్రం సృష్టించిన నేరం భారతీయ న్యాయ సంహిత కింద మీ మెడకు చుట్టుకుంటుంది. ఇప్పుడు మీరు బాధితులు. ఆ బిల్లు పెట్టిన మరుక్షణం ముద్దాయి.

చేయాల్సింది చెబుతాను. ప్లేయర్ వెనక పలక మీద వోల్టేజీ, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. అట్టపెట్టె పారేయలేదు కదా? దిగుమతి చేసుకున్న సరుకు ప్యాక్ మీద ఇండియాలో దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలి. ఆ స్టిక్కరు లేకపోతే లేనట్టే ఫొటో తీయండి, అదీ సాక్ష్యమే. మిషన్‌ని ఏ మెకానిక్ చేతా విప్పించకండి. కంపెనీకి సీరియల్ నంబరు రాసి, దీనికి ఇండియాలో వారంటీ ఉందా అని ఈమెయిల్‌లో అడగండి. లేదని వచ్చే ఒక్క లైను జవాబు మీ కేసుకి వెన్నెముక. సర్వీస్ సెంటర్‌ నోటిమాట పనికిరాదు, జాబ్ షీట్ మీద రాయించుకోండి.

వాట్సాప్ చాట్ ఉన్న ఫోను మార్చకండి, ఎక్స్ఛేంజ్‌లో అసలే ఇవ్వకండి. ఉత్త స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 అడిగే సర్టిఫికెట్ జతచేయండి. అందులో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి. క్యాష్ 1,35,000 ముట్టినట్టు అతను ఎక్కడైనా మెసేజ్ పెట్టాడేమో వెతకండి. లేకపోతే ఆ రోజుల్లో బ్యాంకు నుంచి డ్రా చేసినట్టు స్టేట్‌మెంట్ తీయండి. మీ కేసులో మెత్తటి చోటు ఇదొక్కటే.

షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీ నివాసం గుంటూరు కాబట్టి వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ప్రకారం గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల కేసుల పోర్టల్ ఇ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కంపెనీని ప్రతివాదిగా లాగకండి, వాళ్లు ఆ సరుకు ఇక్కడ అమ్మలేదు. ధర తిరిగి ఇప్పించమని, వడ్డీ, ఖర్చులు, సబబైన పరిహారం అడగండి. 25 లక్షలు అని రాస్తే మిగతా ఫిర్యాదును కూడా అనుమానంగా చదువుతారు. ఈలోపు షాపుకి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది రాజీకి పనికొస్తుందేమో గానీ, జవాబు కోసం కూర్చోవద్దు.

ఈసారి ఏ ప్లేయరు అన్నది నన్ను అడగాల్సిన ప్రశ్న కాదు. బొమ్మ సంగతి మీకే బాగా తెలుసు. కాకపోతే వెనక పలక మీద 230 వోల్టులకు పనిచేస్తుందని ఉందా, పెట్టె మీద దిగుమతిదారు స్టిక్కరు ఉందా చూడండి. 'ఆల్ రీజియన్' అంటే చాలాసార్లు ఎవరో లోపల మార్పు చేసినదే, అలాంటిదానికి వారంటీ ఇస్తామని కంపెనీ చేత రాయించుకోగలరేమో అడగండి. ఒప్పో వాళ్లు ఈ ప్లేయర్ల వ్యాపారం 2018లోనే ఆపేశారు. అయినా సీలు తీయని ఒప్పో ఉందంటూ ఎవరైనా పిలిస్తే, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయమనండి.