వింత చట్టాల వెనుక మనుషులు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

1950ల నాటి అమెరికా వినోదాల మీదా, ఇంటి జీవితం మీదా, వింత చట్టాల మీదా నువ్వు రాసి పంపిన వ్యాసాలన్నీ చదివాను. సేకరణలో నీ శ్రద్ధ నాకు నచ్చింది. అయితే ప్రతి విశేషాన్నీ రెండు వాక్యాల్లో తేల్చేసి తరువాతి దానికి వెళ్ళిపోతున్నావు. అది ఎందుకు పుట్టిందో, ఎవరి బతుకును తాకిందో చెప్పకపోతే పాఠకుడు ఆశ్చర్యపోయి, ఆ వెంటనే మరచిపోతాడు.

విస్కాన్సిన్‌లో పసుపు రంగు మార్జరిన్ అమ్మడం నేరమని ఒక్క ముక్కలో రాశావు. 1895 నుంచి 1967 దాకా నిలిచిన ఆ నిషేధం వెనుక, వెన్నలా కనిపించే చవక సరుకు తమ పొట్ట కొడుతుందన్న పాడి రైతుల భయం ఉంది. నెయ్యికీ డాల్డాకూ నడిచిన తగువు ఎరిగిన తెలుగువారికి ఆ భయాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఫెడరల్ ప్రభుత్వం కూడా 1902 నుంచి 1950 వరకు రంగు కలిపిన మార్జరిన్ మీద పౌనుకు పది సెంట్ల పన్ను వేసింది. అందువల్ల కంపెనీలు తెల్లని ముద్దనే అమ్మి, రంగును విడిగా ఇచ్చేవి. తరువాత రంగు గుళికను లోపలే పెట్టిన ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. గుళికను పైనుంచే చిదిమి, పసుపు అంతటా సమంగా పాకేదాకా సంచిని పిసకాలి. చాలా ఇళ్ళలో ఆ పని పిల్లలది. ఆ పిల్లల చేతుల దగ్గర కాసేపు ఆగి రాయి. సరిహద్దు దాటి ఇల్లినాయ్‌లో పసుపు మార్జరిన్ కొని తెచ్చుకున్న విస్కాన్సిన్ కుటుంబాలను కూడా వదలకు.

న్యూయార్క్‌లో పిన్‌బాల్, అంటే వాలుబల్ల మీద లోహపు బంతిని దొర్లించే యంత్రపు ఆట, నిషేధం సంగతీ అంతే. 1942లో మేయర్ లాగార్డియా ఆ యంత్రాలను సమ్మెటతో పగలగొట్టించినప్పుడు, బంతిని వెనక్కి కొట్టే ఫ్లిప్పర్లు వాటికి ఇంకా లేవు. అవి 1947లో వచ్చాయి. కాబట్టి అది జూదమన్న వాదనకు అప్పట్లో కొంత ఆధారం ఉంది. ఆట మారినా చట్టం మారలేదు. చివరికి 1976లో పిన్‌బాల్ ఆటగాడు రోజర్ షార్ప్ నగర పాలకుల ఎదుట, బంతి ఎటు వెళ్తుందో ముందే చెప్పి మరీ ఆడి చూపించాడు. ఆ ఏడాదే నిషేధం తొలగింది. నీ వ్యాసంలో ఫ్లిప్పర్ల ప్రస్తావనే లేదు.

1953 జనవరి 19న సుమారు నాలుగు కోట్ల నలభై లక్షల మంది 'ఐ లవ్ లూసీ' అనే టీవీ హాస్య ధారావాహికలో లూసీ ప్రసవం కథను చూశారనీ, ఆ కార్యక్రమంలో 'గర్భవతి' అన్న మాటను దాన్ని ప్రసారం చేసిన టీవీ సంస్థ సీబీఎస్ పలకనివ్వలేదనీ రాసిన పేరా బాగుంది. దాన్ని అలాగే ఉంచు. ఊరి పేరూ, సంవత్సరమూ దొరకని చట్టాలను మాత్రం, ఎంత వినోదంగా ఉన్నా, తీసెయ్యి. అటువంటివి చాలావరకు ఒకరిని చూసి మరొకరు రాసుకుంటూ పోయినవే.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగర శాసనాన్ని నవ్వు తెప్పించే చట్టాల మధ్య చేర్చడం నాకు బాధ కలిగించింది. నల్లవారూ తెల్లవారూ కలిసి పేకాట, డామినోలు ఆడితే ఆ ఊళ్ళో నేరం. 1950లో బేస్‌బాల్ వంటి ఆటలను కూడా అందులో చేర్చారు. నువ్వు ముచ్చటగా వర్ణించిన లంచ్ కౌంటర్లలో, అంటే దుకాణాల్లో బల్ల ముందు కూర్చుని తినే చోట్లలో కూడా, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని కూర్చోనివ్వని చోట్లు ఎన్నో ఉండేవి. 1960 ఫిబ్రవరిలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు అలాంటి కౌంటర్ దగ్గరే కూర్చుని, వడ్డించకపోయినా లేవలేదు. ఆ శాసనాన్ని జాబితాలోంచి తీసి, ఈ విద్యార్థుల పక్కన పెట్టి వేరే వ్యాసంగా రాయి. ముందు దాన్నే పంపు, మార్జరిన్ తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి