ఇన్‌స్టాగ్రామ్‌లో చీతా పిల్లను అమ్ముతామంటున్నారు, అడ్వాన్స్ కట్టొచ్చా?

మీ తమ్ముడు చీతా పిల్ల కోసం అడ్వాన్స్ కట్టబోతున్నాడని, దీనికి లైసెన్స్ దొరుకుతుందా అని అడిగారు. ముందు ఆ డబ్బు ఆపించండి. పులి, చిరుత, చీతా మూడూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వీటిని పెంచుతూ పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. "విదేశీ జంతువే కదా, పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేస్తే చాలు" అని అమ్మేవాడు చెబుతాడు. పరివేష్ అంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్. అక్కడ చేసే ఆ రిజిస్ట్రేషన్ విదేశీ చిలకలు, ఇగువానాల లాంటి వాటికి. చీతాకి వర్తించదు.

నేను విశాఖలో మద్దిలపాలెం దగ్గర కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తాను. ఒక కుర్రాడు "పిల్లకి ఏ పాలు పట్టాలి డాక్టర్ గారూ" అని, ఇంకా కొనకముందే అడగడానికి వచ్చాడు. ఫోన్లో ఫొటో చూపించాడు. సోఫా మీద పాలసీసాతో చీతా పిల్ల. అమ్మేవాడు హైదరాబాద్ అన్నాడట, వెనక గోడకున్న ప్లగ్ పాయింట్ మాత్రం గల్ఫ్‌లో వాడే రకం! ఎవరి ఫొటోనో ఎత్తుకొచ్చి పెట్టాడు. ముందు సగం డబ్బు, తర్వాత బోను ఖర్చు, ఆ తర్వాత ఎయిర్‌పోర్ట్ ఇన్సూరెన్స్. ఇలా గుంజుతూనే ఉంటారు, జంతువు మాత్రం రాదు.

మోసం కాకపోతే ఇంకా ఘోరం. సోమాలియా, ఇథియోపియా వైపు తల్లి దగ్గర నుంచి పిల్లల్ని లాక్కొని, పడవల్లో యెమెన్ దాటించి గల్ఫ్‌కి చేరుస్తారు. దారిలోనే చాలా పిల్లలు చచ్చిపోతాయి. ప్రపంచం మొత్తంలో అడవుల్లో మిగిలిన చీతాలే 7,000 దగ్గర. ఒకప్పుడు వీటిని దర్జాగా పెంచుకున్న యూఏఈ కూడా 2016 చట్టంతో ఇళ్లలో పెంచడాన్ని నిషేధించింది.

బతికి చేరినా, ఇంట్లో బోన్‌లెస్ చికెన్ పెడతారు. ఎముక లేని మాంసంలో కాల్షియం చాలా తక్కువ. కొన్ని వారాలకే కాళ్లు వంకర తిరుగుతాయి, గెంతితే ఎముక విరుగుతుంది. చదువుకునే రోజుల్లో మా జూ పక్కనున్న రెస్క్యూ సెంటర్‌లో సర్కస్ నుంచి వచ్చిన ఒక ముసలి సింహాన్ని చూశాను. ఊచలు కొరికి కొరికి కోరలు మొద్దుబారిపోయాయి. ముందు బోలెడంత జాగా ఉన్నా నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేది, పాత బోను అంతే ఉండేది కాబట్టి. అది చూసినవాళ్లెవరూ ఇలాంటి జంతువుని ఇంట్లో పెట్టుకోవాలని అనుకోరు.

తమ్ముడికి నిజంగా ప్రేమ ఉంటే మా విశాఖ ఇందిరాగాంధీ జూలో దత్తత పథకం ఉంది. పులి తిండి ఖర్చులో కొంత తను భరించొచ్చు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ అకౌంట్ పేరు, ఫోన్ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు అటవీశాఖ వాళ్లకి ఇవ్వండి. తిట్టడానికైనా సరే ఆ పోస్టు కింద కామెంట్ పెట్టకండి, ఇంకో పదిమందికి కనబడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో రిపోర్ట్ కొట్టేది మాత్రం స్క్రీన్‌షాట్లు తీశాకే. అకౌంట్ ముందే పోతే ఆధారం మిగలదు.