వెతికితే దొరకని పరమేశ్వరుడు

సాహిత్యం, తత్త్వశాస్త్రం చదివేవారికి కంప్యూటరు నిజంగా పనికొస్తుందా అని ఒకరు అడిగారు. గ్రంథంలోని పాఠాన్ని కంప్యూటరు వెతకగలిగేలా సిద్ధం చేసే చాకిరీ ముందే ఎవరో ఒకరు చేసిపెడితే తప్పక పనికొస్తుంది. ఆ చాకిరీకి మన దగ్గర డబ్బూ లేదు, గౌరవమూ లేదు.

పరిశోధన చేస్తున్న రోజుల్లో, పోతన భాగవతంలో భగవంతుడి పేర్లు ఎక్కడెక్కడ వచ్చాయో లెక్క తేల్చుదామని గజేంద్రమోక్షం ఫైలు తెరిచి ‘పరమేశ్వరుడు’ అని వెతికాను. చిన్నప్పుడే కంఠస్థం చేసిన “ఎవ్వనిచే జనించు” పద్యం అందులో తగలనేలేదు. పద్యంలో ఉన్నది “డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు” అని. ముందున్న ద్రుతం (పదం చివర వచ్చే నకారం) వల్ల ‘ప’ కాస్తా ‘బ’ అయింది, నడుమ అరసున్న ఉంది, చివరి ‘డు’ ఉత్వసంధిలో పక్క పదంతో కలిసిపోయింది.

పోనీ సంధులన్నీ విడదీసి పెడదామంటే ఛందస్సు చెడుతుంది. ఆ పద్యం మొదటి పాదంలో “జగమెవ్వని” అన్నచోట పదో అక్షరం ‘మె’. అందులోని ఎత్వంతోనే తొలి అక్షరం ‘ఎ’కు యతి కుదిరింది. ‘జగము ఎవ్వని’ అని విడగొట్టామా, పదో అక్షరం ‘ము’ అవుతుంది, 20 అక్షరాల ఉత్పలమాల పాదం 21కి పెరుగుతుంది. అందుకే పద్యం ఉన్నదున్నట్టు ఒక ప్రతి, పదవిభాగంతో మరొకటి, రెండూ జతగా ఉండి తీరాలని నా వాదన. గణాలు, యతిప్రాసలు సరిచూడడం కంప్యూటరుకు సులువే, ఆ సూత్రాలు లాక్షణికులు (ఛందోగ్రంథాలు రాసిన పండితులు) ఎప్పుడో రాసిపెట్టారు కనుక. పదవిభాగాన్ని మాత్రం వ్యాకరణం వచ్చిన మనిషి చూడనిదే నేను నమ్మను.

ఇది తెలుగుకే వచ్చిన కష్టమేమీ కాదు. ఇటలీకి చెందిన రొబెర్తో బూసా అనే జెసూట్ (ఒక క్యాథలిక్ మత సంఘం) ఫాదర్, మధ్యయుగ క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ లాటిన్ రచనలకు పదసూచిక తయారుచేసే సంకల్పంతో 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశారు. ఏ రూపం ఏ మూలపదానిదో తేల్చుకుంటూ ఆ సంపుటాల అచ్చు పూర్తిచేసేసరికి 1980 వచ్చింది. పంచ్ కార్డులు (యంత్రం చదవడానికి చిల్లులు పెట్టిన అట్టలు) కొట్టిన యువతుల పేర్లు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. చాకిరీకి గౌరవం లేకపోవడం అక్కడా ఉన్నదే.

మన ప్రచురణకర్తల సంగతి మరీ విచిత్రం. అన్ని లిపులకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌ల నుంచి నకలు తీస్తే అర్థంపర్థం లేని గుర్తులే వస్తాయి. ఒక వ్యాఖ్యాన గ్రంథం మూల ఫైలు ఇమ్మని ఒకాయనను అడిగితే, “పుస్తకం కొన్నారు కదండీ, ఫైలుతో మీకేం పని?” అన్నారు. చివరికి ఆ వ్యాఖ్యానం మొత్తం మళ్ళీ టైపు చేయించుకోవలసి వచ్చింది.