బ్లాక్‌చెయిన్ కరెంటు ఖర్చు తగ్గించే పనిలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి విజయవాడ దగ్గర బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. బ్లాక్‌చెయిన్ వల్ల పర్యావరణానికి జరిగే నష్టాన్ని తగ్గించే ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్పులు పంపగల) ప్రాజెక్టులలో చేరతానంటూ రాత్రిళ్లు మేలుకుంటోంది. రెండు చిన్న మార్పులు కూడా పంపిందట. జీతం లేని పని, పైగా క్రిప్టో వ్యవహారం అని మాకు భయంగా ఉంది. ఫీజు కట్టి కోర్సులో చేర్చాలా, లేక ప్లేస్‌మెంట్ల మీద దృష్టి పెట్టమనాలా? (ఒక తండ్రి)

జవాబు: మీ అమ్మాయి చేస్తున్న పనికీ, కాయిన్లు కొని అమ్మే వ్యవహారానికీ సంబంధం లేదు. ప్రోగ్రాములను పరీక్షించడానికి నడిపే టెస్ట్ నెట్‌వర్కులలోని నాణేలకు మార్కెట్ విలువ ఉండదు, అవి ఉచితంగా దొరుకుతాయి, కనుక ఆమె రూపాయి కూడా పెట్టనక్కరలేదు.

ఆమె ఎంచుకున్న సమస్య మాత్రం చాలా పెద్దది. 2009లో మొదలైన బిట్‌కాయిన్ అనే క్రిప్టో నాణెంలో, బ్లాక్‌చెయిన్ అనే లావాదేవీల ఖాతాపుస్తకంలో తరువాతి పుట ఎవరు రాయాలో తేల్చడానికి ప్రపంచమంతటా యంత్రాలు ఒక సంఖ్య కోసం ఎడతెగకుండా పోటీపడతాయి. సుమారు పది నిమిషాలకొకసారి ఎవరో ఒకరు గెలుస్తారు, ఓడినవారు వాడిన కరెంటు కూడా ఆ పోటీకే పోతుంది. మెరుగైన యంత్రాలు వస్తే ఖర్చు తగ్గుతుందని మనకు అనిపిస్తుంది గాని, వేగం పెరిగితే 2016 బ్లాకులకొకసారి (ఖాతాలోని ఒక్కో పుటే ఒక బ్లాకు) లెక్క దానంతటదే కఠినమయ్యే ఏర్పాటు ఉన్నందువల్ల, ఆ మెరుగుదల కాస్తా పోటీలోనే కరిగిపోతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూస్తూ పెరిగిన మన ప్రాంతపు పిల్లలకు, యూనిట్ కరెంటు వెనుక బొగ్గూ బూడిదా ఎంత ఉంటాయో వేరే చెప్పాలా? అందువల్ల మార్చవలసింది ఆ పోటీ నియమాన్నే. ఆ నియమానికి యజమాని ఎవరూ లేరు గనుక, అందరికీ కనిపించేలా ప్రతిపాదన రాసి, కోడ్ చూపించి, వాదించి ఒప్పించడం తప్ప మరో దారి లేదు.

ఇది సాధ్యమేనని ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ నిరూపించింది. పోటీకి బదులు, హామీగా సొమ్ము నిలిపినవారిలోంచి పుట రాసేవారిని ఎంపిక చేసే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి అది 2022 సెప్టెంబర్ 15న మారింది; దానితో విద్యుత్ వినియోగం సుమారు 99.95 శాతం తగ్గిందని ఇథీరియం ఫౌండేషన్ అంచనా. ఆ ఒక్క రోజు కోసం కొత్త గొలుసును (బ్లాక్‌చెయిన్‌ను) 2020 డిసెంబర్ 1న విడిగా మొదలుపెట్టి, దాదాపు రెండేళ్లు పక్కనే నడిపి, 2022 జూన్‌లో రోప్‌స్టెన్, జూలైలో సెపోలియా, ఆగస్టులో గోర్లీ అనే టెస్ట్ నెట్‌వర్కుల మీద మార్పును ముందుగా పరీక్షించారు. ఒకదానిలో తప్పు దొర్లినా మిగిలినవి నిలబడేలా, అదే నియమాన్ని వేర్వేరు బృందాలు వేర్వేరు ప్రోగ్రామింగ్ భాషలలో వేర్వేరు ప్రోగ్రాములుగా రాశాయి: ప్రిజమ్‌ను గోలో, లైట్‌హౌస్‌ను రస్ట్‌లో, టెకును జావాలో, లోడ్‌స్టార్‌ను టైప్‌స్క్రిప్ట్‌లో. బిట్‌కాయిన్ కోడ్ కూడా ఓపెన్ సోర్సే అయినా, అక్కడివారు ఆ మార్పుకు ఒప్పుకోనందున అది పాత నియమం మీదే నడుస్తోంది. అందుకే ఈ రంగంలో కోడ్ రాయడంతో పాటు తన వాదాన్ని స్పష్టంగా రాసి ఒప్పించగలగడం కూడా అవసరమని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

కోర్సుకు డబ్బు కట్టవద్దు. మన కళాశాలల్లో జావా ఎలాగూ నేర్పుతారు. టెకు గాని, జావాలోనే ఉన్న బేసు అనే మరో ఇథీరియం ప్రోగ్రాము గాని తీసుకుని, ఎవరో నమోదు చేసిన లోపాన్ని తన ల్యాప్‌టాప్‌లో మళ్లీ తెప్పించి చూడడం, పరీక్షలు రాయడం, ప్రాసెసర్, మెమరీ ఎక్కడ వృథా అవుతున్నాయో కొలవడం ఆమెకు ఏ కోర్సూ నేర్పలేని పాఠాలు. ఇలా ఆరు నెలలు చేసినవారి దరఖాస్తుకు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, లినక్స్ ఫౌండేషన్ వారి మెంటర్‌షిప్ వంటి స్టైపెండ్ ఇచ్చే కార్యక్రమాలలో బలం ఉంటుంది, అయితే పోటీ గట్టిగానే ఉంటుంది.

ప్లేస్‌మెంట్లను మాత్రం వదలకూడదు. బ్లాక్‌చెయిన్ అని పేరు పెట్టిన ఉద్యోగాలు మార్కెట్‌తో పాటు పెరిగి తరుగుతాయి, వాటినే నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను. అయితే ఈ పనిలో అలవడే నెట్‌వర్కులు, క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని సంకేతాలతో భద్రపరిచే విద్య), అనేక యంత్రాలను ఒకే మాట మీద నడిపించే విద్య బ్యాంకింగ్, చెల్లింపులు, క్లౌడ్ రంగాల కంపెనీలకు కూడా కావాలి.

నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకు మన మిర్చి యార్డునే తీసుకోవచ్చు. రైతు, కమీషన్ వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతిదారు ఒకరి ఖాతాను ఒకరు నమ్మని చోట, మైనింగ్ (పైన చెప్పిన యంత్రాల పోటీ) అక్కరలేని హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చెయిన్ మీద సరుకు వివరాలు నమోదు చేసి చూపవచ్చు. ఖాతా అంతా ఒకరి చేతిలోనే ఉంటే మామూలు డేటాబేస్ చాలు, దానికి కరెంటూ తక్కువే. ఆ తేడాను నివేదికలో రాయగలిగిన విద్యార్థిని నేను ఎక్కువ గౌరవిస్తాను.

రాత్రి మేలుకోవడం గురించి: ఈ ప్రాజెక్టులలో చర్చ చాలావరకు రాతపూర్వకంగానే సాగుతుంది గనుక, ఇతర దేశాలవారు రాత్రి రాసినదానికి ఆమె ఉదయం లేచి జవాబివ్వవచ్చు. ఈసారి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, తాను పంపిన రెండు మార్పులలో ఒకదాన్ని, దాని కింద సమీక్షకులు రాసిన వ్యాఖ్యలతో సహా, మీకు చదివి వివరించమని అడగండి.