సంఘం పగ్గాలు అందుకున్న అమ్మాయికి

అమ్మా,

నువ్వు పరపతి సంఘం అధ్యక్షురాలిగా ఎన్నికయ్యావని చదివి ఎంతో సంతోషించాను. కాలం మారింది కాబట్టి ముందుగా మొబైల్ యాప్ తేవాలనుకుంటున్నానని రాశావు. తప్పకుండా తీసుకురా. కానీ అంతకన్నా ముందు, గత ఏడాది మీ సంఘం తిప్పి పంపిన అప్పు దరఖాస్తులన్నీ తెప్పించుకుని చదువు. సభ్యుల బతుకు ఎటు మళ్లిందో వాటిలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

మన సంఘాల నిబంధనలు చాలావరకు నెలజీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇప్పుడు ఎంతోమందికి స్థిరమైన యజమాని లేడు. ఒక వారం చేతినిండా పని ఉంటే మరో వారం ఖాళీ. జీతం చీటీ లేదని అలాంటివారిని కాదంటే, ఫోనులో నిమిషాల మీద అప్పిచ్చి రెట్టింపు వడ్డీ గుంజేవాళ్ల చేతిలో పడతారు. వాళ్లను అలా వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. జీతం చీటీకి బదులు ఏడాది ఖాతా లావాదేవీలు అడుగు. రాబడి సన్నగిల్లే నెలల్లో వాయిదా తక్కువగా, పని ఉన్న నెలల్లో ఎక్కువగా ఉండేలా పెట్టు. మొదట చిన్న మొత్తం ఇచ్చి, తీర్చే తీరు చూసి పెంచు. ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఎందుకు ఇవ్వలేమో, ఏం చేస్తే ఇవ్వగలమో వెంటనే చెప్పు. సభ్యుడిని వారాల తరబడి తిప్పించుకోవడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

పద్ధతి మారిస్తే సంఘం స్వభావం చెడిపోతుందని మీ పాలకవర్గంలో పెద్దలు భయపడవచ్చు. వాళ్లకు జర్మనీలోని రైఫైజెన్ సంగతి చెప్పు. ఆయన మొదట ధనవంతుల దాతృత్వం మీద ఆధారపడి పేదలకు సాయం చేసే సంఘాలు నడిపాడు. అవి ఎక్కువ కాలం నిలబడవని తెలిశాక, 1864లో హెడెస్‌డార్ఫ్‌లో అప్పు తీసుకునేవాళ్లే సభ్యులుగా ఉండే రుణ సంఘాన్ని స్థాపించాడు. మన సహకార ఉద్యమానికి మూలపురుషుల్లో ఒకరైన ఆయనే తన పద్ధతిని మార్చుకున్నాడు.

అయితే ఉత్సాహంలో ఒక జాగ్రత్త మరవకు. యాప్ వచ్చాక డబ్బు లోపలికి ఎంత తేలికగా వస్తుందో బయటికీ అంతే తేలికగా పోతుంది. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి డిపాజిటర్లు ఒక్కరోజులోనే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. మర్నాడే ఆ బ్యాంకు కూలిపోయింది. అది మనలాంటి సంఘం కాదు, సభ్యులతో మనకున్న అనుబంధం దానికి లేదు. అయినా ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్లను ఏళ్ల తరబడి ఇరుక్కుపోయే చోట పెడితే మనకూ అదే గతి పట్టవచ్చు. క్రెడిట్ యూనియన్ల, అంటే మనలాంటి పరపతి సంఘాల, ప్రపంచ మండలి రూపొందించిన పెర్ల్స్ కొలమానం ప్రకారం మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 5 శాతం దాటకూడదు, సంస్థ సొంత మూలధనం ఆస్తుల్లో 10 శాతానికి తగ్గకూడదు. ఈ రెండు అంకెలు నెలనెలా పాలకవర్గం ముందుకు రావాలి. డివిడెండు పెంచమని సభలో ఎంత గోల చేసినా ముందు రిజర్వు, అంటే కష్టకాలానికి దాచే నిధి, నింపు.

సాఫ్ట్‌వేరు, భద్రత ఖర్చులు చిన్న సంఘం ఒంటరిగా మోయలేదు. ఇతర సంఘాలతో కలిసి కొనండి. 1995లో ఖరారైన ఏడు సహకార సూత్రాల్లో ఆరోది సంఘాల మధ్య సహకారమే. కౌంటరును మాత్రం మూసేయకు. ఫోను వాడలేని పెద్దలు కూడా నీకు ఓటేసినవారే, పైగా డిపాజిట్లలో వారి వాటా తక్కువేమీ కాదు.

పాలకవర్గంలో ఖాళీ వస్తే పాతవాళ్ల బంధువుల వైపు చూడకుండా, రోజువారీ సంపాదన మీద బతికే యువ సభ్యులను నిలబడమని నువ్వే వెళ్లి అడుగు. లెక్కలు చదవడం వాళ్లకు నేర్పించు.

ఇక ఎవరైనా ఒక వాయిదా కట్టలేకపోతే, మొదటి వారంలోనే ఫోను చేయించు. నోటీసు పంపే ముందు ఏం జరిగిందో అడిగి తెలుసుకోవాలి. జబ్బు చేసిందో, పని పోయిందో తెలిస్తే గడువు పెంచడమా, వాయిదా తగ్గించడమా అన్నది అప్పుడే తేల్చవచ్చు. ఆ ఫోను చేసే బాధ్యత ఎవరిదో మొదటి సమావేశంలోనే పేరుతో సహా తీర్మానంలో రాయించు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న